ట్రోగెన్‌లో కాపురం పెట్టిన మేనల్లుడికి

చిన్నా,

జ్యూరిక్ వదిలేసి ట్రోగెన్‌లో ఇల్లు తీసుకున్నామని నువ్వు ఫోన్‌లో చెప్పిన రోజు రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతోనేలే. ముప్ఫై ఏళ్లకు పైగా నేను కాపురం చేసిన ఊరది. మళ్లీ మన ఇంటివాళ్లు ఒకరు ఆ ఊళ్లో ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు. కానీ నువ్వు ఒక మాట అన్నావు చూడు, "చిన్న ఊరు కదా అత్తయ్యా, మన పని మనం చూసుకుంటే సరిపోతుంది" అని. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇక్కడ చీరాలలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే.

ముందు చిల్లర పనులు. దిగిన 14 రోజుల్లోగా గెమైండె ఆఫీసుకి వెళ్లి పేర్లు రాయించుకోండి. గెమైండె అంటే మన పంచాయతీ లాంటిదే అనుకో, కాకపోతే దాని చేతిలో బడీ, నీళ్లూ, రోడ్డూ, పన్నూ అన్నీ ఉంటాయి. దారిలో ఎవరు ఎదురైనా నువ్వే ముందు "గ్రూయెట్సి" అను. జ్యూరిక్‌లో తల దించుకుని నడిచిన అలవాటు అక్కడే వదిలేసి రా. మంచు పడ్డ రోజు నీ వాకిట్లో మంచు తీసి పక్కవాళ్ల దారిలో పోయకు. మొదటి చలికాలం మీ మామయ్య అదే పని చేశారు. పక్కింటాయన ఒక్క మాట అనకుండా పార తెచ్చి మొత్తం మళ్లీ తీశాడు. తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

సెయింట్ గాలెన్ నుంచి వచ్చే రైలు గురించి నీకు చెప్పక్కర్లేదు, రోజూ ఎక్కుతావు. కానీ అది 1903లో మొదలైందనీ, ఆ కొండమీది ఊళ్లను పట్నంతో కలిపింది అదేననీ గుర్తుంచుకో. నేనున్నప్పుడు సెయింట్ గాలెన్‌లో దిగి బండి మారాల్సి వచ్చేది. 2018 నుంచి అదే బండి అటు అప్పెన్‌జెల్ దాకా వెళ్తోంది. ఫోగెలిన్‌సెగ్ దగ్గర బండి మలుపు తిరగ్గానే కింద బోడెన్ సరస్సు కనపడుతుంది, అప్పుడు మాత్రం ఫోన్ జేబులో పెట్టెయ్. అక్కడే 1403లో ఈ కొండల రైతులు సెయింట్ గాలెన్ మఠాధిపతి తరఫున వచ్చిన సైన్యాన్ని ఓడించారు. ఈ ప్రాంతంవాళ్లు "మా సంగతి మేం చూసుకుంటాం" అనడం అప్పటి నుంచీ ఉంది. 1513లో స్విస్ సమాఖ్యలో పదమూడో సభ్యులుగా చేరారు. 1597లో మతం దగ్గర తేడా వచ్చి రెండు ముక్కలయ్యారు. కాథలిక్కులది ఇన్నర్‌రోడెన్, ప్రొటెస్టెంట్లది ఔసర్‌రోడెన్. ఇప్పుడవి రెండు వేర్వేరు రాష్ట్రాలు, ట్రోగెన్ రెండోదాన్లో ఉంది.

రెండు వేల జనాభా కూడా లేని ఊళ్లో, సుమారు 900 మీటర్ల ఎత్తున, చౌకు చుట్టూ ఆ రాతి మేడలేంటని మీ ఆవిడ అడిగిందట కదా. అవి త్సెల్వేగర్ల మేడలు. బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. లియోన్‌లోనూ జెనోవాలోనూ కొట్లు పెట్టి, 18వ శతాబ్దంలో ఆ డబ్బుతో కట్టారు. చౌకులో ఉన్న చర్చి గ్రూబెన్‌మన్ అనే మేస్త్రీ 1782లో పూర్తి చేశాడు. 2006 నుంచి అందులో బాఖ్ సంగీతం కచేరీలు జరుగుతున్నాయి, ఒక సాయంత్రం వెళ్లండి.

కానీ చిన్నా, మేడల కంటే నేను చూడమనేది మామూలు ఇళ్లను. పాత చెక్క ఇళ్లలో నేలకు మూరెడు ఎత్తులో వరుసగా చిన్న చిన్న కిటికీలు కనపడతాయి. అవి నేత గదుల కిటికీలు. మేం అద్దెకున్న ఇంట్లో కూడా ఆ గది ఉండేది, అందులో బంగాళాదుంపలు పోసుకునేవాళ్లం. 1994లో మీ తాతయ్య మా దగ్గరికి వచ్చినప్పుడు కిందికి తీసుకెళ్లి చూపించాను. జీవితమంతా గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి కదా. ఏమీ అడగలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, కొంచెంసేపు అలాగే ఉంచి, "చెమ్మగా ఉంది. ఇక్కడ పోగు తెగదమ్మా" అన్నారు. నిజంగా అందుకే అక్కడ నేలలోకి తవ్వి మగ్గాలు పెట్టేవాళ్లు. నారపోగు, తర్వాత నూలుపోగు ఎండితే తెగుతుంది, చెమ్మలో సాగుతుంది. ఆ మేడలు లేచింది ఇలాంటి గదుల్లోంచే. మీ తాతయ్యకి జర్మన్ ఒక్క ముక్క రాదు, అయినా ఆ రోజు నుంచీ ఆ ఊరు నాకు పరాయిది కాలేదు.

ఇక అసలు సంగతి. నేను అక్కడికి 1986లో వెళ్లాను. 21 ఏళ్లకే చీరాలలో వేలికి సిరా గుర్తు వేయించుకుని వెళ్లినదాన్ని. తీరా చూస్తే మా పక్కింటి ముసలావిడకు, డెబ్భై దాటినావిడకు, తన రాష్ట్రం వ్యవహారాల్లో ఓటు లేదు. దేశం మొత్తానికి సంబంధించిన ఓటు స్విస్ ఆడవాళ్లకు 1971లో వచ్చింది. కానీ ఔసర్‌రోడెన్‌లో లాండ్స్‌గెమైండె మగవాళ్లదే. లాండ్స్‌గెమైండె అంటే ఏప్రిల్ చివరి ఆదివారం నాడు ఓటున్నవాళ్లంతా బయట చౌకులో నిలబడి చెయ్యెత్తి చట్టాలు చేసే సభ. సరి సంవత్సరాల్లో ట్రోగెన్‌లో, బేసి సంవత్సరాల్లో హుండ్విల్‌లో జరిగేది. మగవాళ్లు నడుముకి కత్తి కట్టుకుని వచ్చేవాళ్లు, అదే వాళ్ల ఓటు హక్కుకి గుర్తు. 1989లో హుండ్విల్‌లో ఆ మగవాళ్లే చేతులెత్తి ఆడవాళ్లను సభలోకి రానిచ్చారు. అక్కడ చేతులు లెక్కపెట్టేవాళ్లు కాదు, చూసి అంచనా కట్టి చెప్పేవాళ్లు. తేడా ఎంత తక్కువగా ఉందో దాని మీద చాలా రోజులు ఊళ్లో వాదనలు నడిచాయి.

మరుసటి ఏడు సభ మన చౌకులోనే. పాపని ఎత్తుకుని వీధి చివర నిలబడ్డాను. ఎక్కడ చూసినా తలలే. అంతమందిలో మా పక్కింటావిడని వెతికి పట్టుకున్నాను. నల్ల కోటు వేసుకుంది. మొదటిసారి చేతులెత్తమన్నప్పుడు ఆవిడ చెయ్యి సగం దాకా లేచి ఆగింది. పక్కనున్న ఇంకో ఆవిడని చూసి, అప్పుడు పూర్తిగా ఎత్తింది. సభ అయ్యాక ఇంటికొచ్చి ఆ కోటు విప్పకుండానే నాకు కాఫీ పోసింది. నేను నా సిరా గుర్తు సంగతి చెప్తే చాలాసేపు నా వేలు పట్టుకుని చూసింది. 1997లో జనమే ఓటు వేసి ఆ సభని రద్దు చేసుకున్నారు. ఇప్పుడంతా కవర్లలో ఓట్లే. ఆ చౌకు దాటేటప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆగిన ఆ ఒక్క క్షణం నాకు గుర్తొచ్చేది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఊళ్లో ఇప్పుడు నీకు కూడా ఓటు రావచ్చు. పౌరసత్వం లేకుండానే. మన పాస్‌పోర్టు వదులుకోకుండానే.

స్విస్ పౌరసత్వం సంగతి నీకు తెలిసిందే. పదేళ్లు ఉండాలి, శాశ్వతంగా ఉండనిచ్చే సీ పర్మిట్ ఉండాలి, జర్మన్ మాట్లాడటంలో బీ1 స్థాయి, రాయడంలో ఏ2 స్థాయి రావాలి. ఊరూ, రాష్ట్రమూ, దేశమూ మూడూ ఒప్పుకోవాలి. అది తీసుకున్న రోజున మన పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరులైపోయిన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మిగులుతుంది. తీసుకోవాలో వద్దో మీ ఇద్దరి ఇష్టం, నేనేమీ చెప్పను. నా మట్టుకు నాకు మనసొప్పలేదు. కానీ ఔసర్‌రోడెన్ 1995 రాజ్యాంగంలో ఒక వీలు పెట్టారు. స్విట్జర్లాండ్‌లో పదేళ్లు, అందులో ఐదేళ్లు ఆ రాష్ట్రంలో ఉన్న విదేశీయులకు ఊరి వ్యవహారాల్లో ఓటు ఇవ్వాలా వద్దా అనేది ఏ ఊరికి ఆ ఊరు తేల్చుకోవచ్చు. 1999లో వాల్ట్ అనే చిన్న ఊరు ముందుగా ఇచ్చింది, 2002లో మన పక్కనున్న ష్పైఖర్, 2004లో ట్రోగెన్. ఊరివాళ్లు ఓటు వేసి మనకి ఓటు ఇచ్చారు, అర్థమైందా?

అయితే అది దానంతటది రాదు. అర్జీ పెట్టుకోవాలి. నువ్వు ఆ దేశం వెళ్లి ఆరేళ్లయింది కాబట్టి ఇంకో ఐదేళ్లు ట్రోగెన్‌లో ఉంటే రెండు షరతులూ తీరిపోతాయి. ఈ ఐదేళ్లూ ఖాళీగా కూర్చోకు. ముందు ఆ ఊరి మాట చెవికి ఎక్కించుకో. క్లాసులో నేర్చుకున్న జర్మన్‌కీ వాళ్ల యాసకీ చాలా దూరం. నాకు రెండేళ్లు పట్టింది, అదీ బేకరీలో వరసలో నిలబడి వినీ వినీ. బడ్జెట్ మీదో, బడి మరమ్మతు మీదో ఊళ్లో సమావేశం పెడితే వెళ్లి వెనక కూర్చో. మాట్లాడక్కర్లేదు. ఊరి పెద్దలుగా కూర్చునేవాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగం ఉంటుంది, ఇది సాయంత్రాలు చేసే పని. పక్కింటి రైతో, మీ పిల్లల టీచరో ఆ బల్ల దగ్గర కనిపిస్తారు. మంటలార్పేది కూడా ఊరివాళ్లే. అలాంటి చోట "మన పని మనం" అంటే మిగతావాళ్లు మన పని కూడా చేస్తున్నారని అర్థం.

ఒక ఆదివారం పిల్లల్ని పెస్టలోజ్జి పిల్లల గ్రామానికి తీసుకెళ్లు. యుద్ధంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం 1946లో వాల్టర్ రాబర్ట్ కోర్టి పూనుకుని మొదలుపెట్టింది. ఒకరితో ఒకరు యుద్ధం చేసిన దేశాల పిల్లల్ని పక్కపక్క ఇళ్లలో ఉంచి పెంచారు. 1960లో టిబెట్ పిల్లలు వచ్చారు. ట్రోగెన్‌కి మనలాంటి మొహాలు కొత్త కాదు, అందుకే బెరుకు పెట్టుకోవద్దంటున్నాను.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను, నువ్వు చెయ్యకు. నాకు ఓటొచ్చాక మొదటి కవరు ఇంటికొచ్చింది. వచ్చే ఏడాది ఊరి బడ్జెట్ మీద. పన్ను ఎంత కట్టాలో ఊరే ఓటేసి తేల్చుకుంటుందన్నమాట. లోపలున్న పుస్తకాన్ని డిక్షనరీ పెట్టుకుని నాలుగు సాయంత్రాలు చదివాను. బడి ఖర్చు, రోడ్డు ఖర్చు, అన్నీ. బాగా ఆలోచించి అవునని రాసి, చీటీ చిన్న కవర్లో పెట్టి, అంతా అంటించి, నేనే నడిచి వెళ్లి గెమైండె ఆఫీసు పెట్టెలో వేసొచ్చాను. రాత్రి గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చింది, ఓటరు కార్డు మీద సంతకం పెట్టలేదని. సంతకం లేకపోతే ఆ ఓటు చెల్లదు. చేతులు తుడుచుకోకుండానే కుర్చీలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది. పక్కింటావిడ అప్పటికి పోయింది, లేకపోతే వెళ్లి ఆవిడకి చెప్పుకునేదాన్ని.

ఐదేళ్ల తర్వాత నీకు ఆ కవరు వస్తే, పుస్తకం తర్వాత చదువుకో. ముందు కార్డు బయటికి తీసి సంతకం పెట్టి, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

పిల్లలకు ముద్దులు. మీ ఆవిడకి చెప్పు, ఆ నేత గదిలో బంగాళాదుంపలు మార్చి దాకా మొలకెత్తవు.

మీ అత్తయ్య