టెక్సస్‌లో థర్మోస్టాట్ సాయంత్రం 74 నుంచి 78కి దానంతటదే మారడం: సమాధానం

మీరు అడిగింది ఇదీ: థర్మోస్టాట్ (ఏసీ ఇంటిని ఎంత చల్లబరచాలో నియంత్రించే పరికరం) సాయంత్రం 74 నుంచి 78 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దానంతటదే మారుతోంది, నాలుగింటికి ముందేమో ఇల్లు మరీ చల్లబడుతోంది, ఎందుకని? థర్మోస్టాట్ పాడవలేదు, హ్యాకింగూ కాదు. మీ ఇల్లు పీక్ డిమాండ్ ప్రోగ్రామ్‌లో, అంటే కరెంటు వాడకం బాగా పెరిగే వేళల్లో మీ ఏసీని దూరం నుంచే తగ్గించే పథకంలో, చేరి ఉండాలి. కొత్త థర్మోస్టాట్ బిగించినప్పుడు గిఫ్ట్ కార్డు కోసమో బిల్లు క్రెడిట్ (బిల్లులో తగ్గింపు) కోసమో ఇంట్లో ఎవరో 'ఓకే' నొక్కేసి ఉంటారు. 2021 జూన్‌లో టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరంలో చాలామందికి ఈ సంగతి ఇలాగే తెలిసింది.

నాలుగింటికి ముందు ఇల్లు మరీ చల్లబడుతోందన్నారు కదా, అదీ దాని పనే. ముందే చల్లబరిచి, గ్రిడ్ (కరెంటు సరఫరా వ్యవస్థ) మీద భారం పెరిగే వేళకి ఏసీ తగ్గిస్తారు.

1. ఇవాళ్టికి థర్మోస్టాట్ మీదే మళ్ళీ 74 పెట్టండి. చాలా ప్రోగ్రాముల్లో కుదురుతుంది.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ అది ఆ ఒక్క పూటకే. తర్వాతి ఎండరోజున మళ్ళీ ఇదే కథ. పూర్తిగా ఆగాలంటే థర్మోస్టాట్ యాప్ సెట్టింగ్స్‌లో ఎనర్జీ ప్రోగ్రామ్ ఉన్నచోట అన్‌ఎన్‌రోల్ చేయాలి, అంటే నమోదు రద్దు చేసుకోవాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చాలదు, నమోదు అలాగే ఉంటుంది.

3. యాప్‌లో కనబడకపోతే మీ కరెంటు ప్లాన్‌లోనే కలిపి ఉండొచ్చు. బిల్లు మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి తీసేయమనండి. ఇచ్చిన క్రెడిట్ వెనక్కి తీసుకుంటారేమో ముందే అడగండి.

పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే మాత్రం, నన్నడిగితే క్రెడిట్ తీసుకుని ప్రోగ్రామ్‌ని ఉంచేసుకోవడమే లాభం.