ముందు అన్నం పెట్టండి, వాక్యం తర్వాత

"ఇల్లూ చర్చీ వదిలేసి చెడు దారి పట్టిన మా బాబాయి కొడుక్కి దేవుని కృప గురించి ఎలా చెప్పాలి, ఏ బైబిలు వాక్యంతో మొదలుపెట్టాలి" అని కదా మీరు అడిగింది. వాక్యంతో మొదలుపెట్టకండి. ముందు పక్కన కూర్చుని అన్నం పెట్టండి. మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా తమ్ముడు ఇరవై రెండేళ్ళప్పుడు అమ్మ గాజులు తాకట్టు పెట్టి, ఆ ఏడాది పొగాకు అమ్మిన డబ్బులు కూడా పట్టుకుని హైదరాబాద్ వెళ్ళిపోయాడు. తాగుడు. ఆరేళ్ళు ఫోన్ కూడా లేదు. తిరిగొచ్చింది సరిగ్గా మా చర్చిలో సెమీ క్రిస్మస్ రోజు. లోపలికి రాలేదు, గేటు దగ్గర చెప్పులు విడిచేచోట గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను సాంబారు బకెట్‌తో వడ్డిస్తున్నాను. చూశాను, చూసి నాన్న దగ్గరికెళ్ళి "మీవాడొచ్చాడు" అన్నాను. నాన్న తల తిప్పుకుని షామియానా లోపలికి వెళ్ళిపోయారు. సంఘ పెద్ద ఒకాయన, ముందు మైకులో అందరి ముందూ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఏదైనా అన్నారు. నేను కూడా అవునన్నాను.

ఇదంతా వినకుండానే, చర్చి ఊడ్చే పెద్దావిడ, మేమంతా మామ్మ అంటాం, రెండు పేపర్ ప్లేట్లలో అన్నం, కోడికూర పెట్టించుకుని గేటు వైపు నడిచింది. మోకాళ్ళ నొప్పులు ఆవిడకి, కింద కూర్చుంటే లేవడం కష్టం. చెప్పులు చేత్తో పక్కకి నెట్టి, వాడి పక్కన చతికిలబడి, ఒక ప్లేటు వాడి ఒళ్ళో పెట్టింది. "ఏరా అబ్బయ్యా, ఇట్టా ఎండిపోయావే, అక్కడ కూడు పెట్టేవాళ్ళే లేరా?" వాడు "మామ్మా, నేను చేసింది..." అని మొదలుపెట్టాడు. "ముందు తిను, చల్లారిపోద్ది" అంది. తన ప్లేటులో ముక్కలు తీసి వాడి ప్లేటులో వేసింది. వాడు ఏడుస్తూనే తిన్నాడు.

బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం సండే స్కూల్ నుంచీ వింటున్నాను. అందులో యేసయ్య చెప్పిన కథలో, తన వాటా ఆస్తి పట్టుకెళ్ళి అంతా తగలేసి ఇంటికి తిరిగొచ్చే ఆ తప్పిపోయిన కొడుకు దారిలోనే ఒక మాట సిద్ధం చేసుకుంటాడు: పాపం చేశాను, కొడుకుని అనిపించుకోడానికి తగను, నన్ను కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అని. ఆ చివరి ముక్క వాడి నోటి నుంచి రాకముందే తండ్రి మంచి బట్టలు తెమ్మంటాడు. పెద్దకొడుకు మాత్రం "నీ కొడుకు" అంటాడే గానీ "నా తమ్ముడు" అనడు. నేను "మీవాడు" అన్నానని ఆ బకెట్ పట్టుకుని నిలబడ్డప్పుడే తట్టింది. అధ్యాయమంతా కంఠతా వచ్చిన నాకు తెలియంది, అక్షరం ముక్క రాని మామ్మకి తెలుసు.

అందుకే ఈ సువార్త కూటాల్లో చేతులెత్తిన వాళ్ళని లెక్కపెట్టడం, తిరిగొచ్చినవాణ్ణి మైకు ముందు నిలబెట్టి వాడి పాపాలన్నీ వివరంగా చెప్పించడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాట్సాప్‌లో పొద్దున్నే వాక్యం ఫార్వర్డ్ చేసి సువార్త చెప్పేశాం అనుకోవడం ఇంకొకటి. మా ఒంగోలువాళ్ళకైతే ఇది అసలు తగదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని, తవ్విన జనానికి కూలి ఇచ్చి బతికించాడు, కానీ ఆ కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట ఎవరిమీదా పడకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెబుతారు, అంతకుముందు ఆయన ఆగిన నెలల సంగతి ఎవరూ చెప్పరు. అన్నం పెట్టింది లెక్క రాసుకోడానికి కాదని జనానికి అర్థమైంది, నా నమ్మకం అదే.

అలాగని నోరు మూసుకోమని కాదు నేననేది. చెప్పాలి, చెప్పకుండా దాచుకుంటే అది కృపే కాదు. నాలుగు నెలలు మామ్మ వాడికి ఏమీ చెప్పలేదు, ఆదివారం ఆదివారం పిలిచి అన్నం పెట్టింది అంతే. ఒకరోజు వాడే అడిగాడు, "మామ్మా, అందరూ కసిరారు, నువ్వెందుకు కసరలేదు?" అని. "నన్ను ఆయన కసరలేదురా" అంది. తన కథ మొత్తం, యేసయ్య తన దగ్గరికి ఎలా వచ్చాడో, ఆ రోజే చెప్పింది. వాడు ఆ సాయంత్రమే నాన్న దగ్గరికెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత వాడి తలమీద చెయ్యి వేశారు.

ఇప్పుడు వాడు శనివారాలు బైపాస్ పక్కన లారీలు ఆగేచోటికి భోజనం క్యారియర్ పట్టుకుని వెళ్తాడు. తాగి పడిపోయినవాళ్ళ పక్కన కూర్చుంటాడు.

మీ బాబాయి కొడుకు ఎక్కడున్నాడో తెలిస్తే ఈ ఆదివారమే వెళ్ళండి. బైబిలు సంచిలోనే ఉంచండి, అడిగినప్పుడు తీయొచ్చు. మావాడు అడగడానికి నాలుగు నెలలు పట్టింది, మీవాడికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.