అమెరికాలో సొంతంగా ప్రింట్ చేయించిన కార్డుకు పోస్ట్‌కార్డు స్టాంపు సరిపోతుందా?

సరిపోతుంది, కానీ కార్డు దీర్ఘచతురస్రంగా ఉండి, ఎత్తు 3.5 నుంచి 4.25 అంగుళాలు, పొడవు 5 నుంచి 6 అంగుళాలు, మందం 0.007 నుంచి 0.016 అంగుళం మధ్య ఉంటేనే. ఇన్ని లెక్కలు ఎందుకంటే, అక్కడ ఉత్తరాలను వేరు చేసేది యంత్రాలు. మరీ పల్చని కార్డు వాటిలో మడతపడి ఇరుక్కుంటుంది. అడ్రస్ చదివాక యంత్రమే కార్డు కింది అంచున బార్‌కోడ్ ముద్రిస్తుంది. అందుకే అడ్రస్ వైపు కింద, కుడి మూల నుంచి 4.75 అంగుళాల పొడవున, 5/8 అంగుళం ఎత్తున ఖాళీ వదలాలి. డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే, సరిగ్గా అక్కడే ఏ పూల బోర్డరో పెట్టేస్తారు!

ఉదాహరణకు, గృహప్రవేశానికి 5×7 అంగుళాల కార్డు వేయించారనుకోండి. అది పోస్ట్‌కార్డు సైజు దాటింది కాబట్టి ఉత్తరం స్టాంపే అంటించాలి. మందం కూడా కనీసం 0.009 అంగుళం ఉండాలి.

కవరు లేకుండా పంపేదంతా పోస్ట్‌కార్డే అని చాలామంది అనుకుంటారు. కవరు లేకపోవడం ఒక్కటే చాలదు, కొలతలు కూడా సరిపోవాలి. 6×9 అంగుళాల వరకు పోస్ట్‌కార్డుగా ఒప్పుకుంటారని కొందరు అంటారు. అది నిజమే గానీ, ముందే సార్టింగ్ చేసి పెద్దమొత్తంలో ఇచ్చే వ్యాపార కార్డులకు.