సంచి చింపకుండా నాటనివ్వకు

అమ్మలూ,

కాలనీ చివర చెత్త పోసే జాగాలో పార్కు వేయిస్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే ఒక పక్క గర్వం, ఇంకో పక్క దడ. బరంపురం తుఫాన్ల ఊరే, మరిచావా?

వానలు పడగానే నాటించు. ఎండుటాకులు తగలబెట్టనివ్వకు, గొయ్యి తీసి అందులో పోయించు. నీళ్ళ తొట్టి వారానికోసారి తోమించు, లేకుంటే డెంగీ దోమ మీ పార్కులోనే పుడుతుంది.

ఇక అసలు సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నువ్వు చిన్నదానివి, తెల్లవార్లూ నా కొంగు వదల్లేదు. పొద్దున చూస్తే వీధి కనబడలేదు, అన్నీ కొమ్మలే. మా వీధి పాత చింతలు కొమ్మలు పోయినా నిలబడ్డాయి. వనమహోత్సవానికని ఓ కాంట్రాక్టరు నాటించిన తురాయిలు మాత్రం వేళ్ళతో సహా పడిపోయాయి. ఒకదాని మొదలు దగ్గరికెళ్ళి చూశాను. వేళ్ళు కిందికి దిగితేనా! పళ్ళెంలా పరుచుకుని, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. మధ్యలో నర్సరీ వాళ్ళ నల్ల పాలిథీన్ సంచి, అడుగు మడత కూడా విప్పుకోలేదు. ఫొటోల వేళకి లెక్క తేలాలని సంచితోనే గోతిలో దించేశారు. ఆపైన అందం కోసం మొదలంటా సిమెంటు! నీళ్ళు ఇంకేదెక్కడ, వేళ్ళకి గాలి ఆడేదెక్కడ? ఒక చెట్టు రిక్షా మీద పడింది. అందులో రోజూ పడుకునే ముసలాయన ఆ రాత్రి బడిలో తలదాచుకున్నాడు కాబట్టి సరిపోయింది. నాకు ఇప్పటికీ అదే కళ్ళ ముందు ఆడుతుంది.

అందుకే నాటే రోజు ఫోను పక్కన పడేసి గోతుల దగ్గరే ఉండు. సంచులు చింపించి, చుట్టుకున్న వేళ్ళు కత్తిరించు. మొక్కలెన్నో ఖాళీ సంచులన్నీ నీ చేతికి రావాలి. మొదలు చుట్టూ మీటరు మేర మట్టి వదలమను. ఢిల్లీ చెట్ల చుట్టూ అంతమేర సిమెంటు తీసేయమని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది, మేస్త్రీ ఎదురు మాట్లాడితే ఆ మాట చెప్పు.

వేప, కానుగ, పొగడ, నేరేడు పెట్టు. కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందని అంటగడతారు, వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దనేసింది. ఏడాకుల పొన్న మన చెట్టే, కానీ పూత ఘాటుకి మీ పెదనాన్నకి ఆయాసం. నడకదారికి దూరంగా పెట్టు.

తుఫాను హెచ్చరిక వచ్చాక మొక్కలు చూస్తానని బయల్దేరావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఆదివారం కత్తెర పట్టుకుని వస్తాను. తలకి గుడ్డ కట్టుకో, నీకు ఎండ పడదు.

పెద్దమ్మ