పాత కమిన్స్‌కు ఎగ్జాస్ట్ బ్రేకు కొనేముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

కమిన్స్ డీజిల్ ఇంజన్ ఉన్న 1996 డాడ్జ్ రామ్ 2500 పికప్ కొన్నావు, 9,000 పౌండ్ల ట్రైలర్ తగిలించి కొలరాడో కొండలు దాటాలంటున్నావు, ఇంజన్ పొగను అడ్డుకుని బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు ఏ కంపెనీది మంచిదని అడిగావు. కంపెనీ సంగతి తర్వాత. నీది ఆటోమేటిక్ బండి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు లెక్క చూడు. బండీ ట్రైలరూ కలిపి 16,000 పౌండ్లు అనుకో. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగేచోట వాలు 7 శాతం. అంటే 1,120 పౌండ్ల బలం నిన్ను వెనకనుంచి నెడుతూనే ఉంటుంది. గంటకు 65 మైళ్ళ మీద దాన్ని నిలవరించాలంటే 194 హార్స్‌పవర్ కావాలి. 45 మీదైతే 134, 35 మీదైతే 105 చాలు. గాలి, టైర్ల రాపిడి అందులో కొంత లాక్కుంటాయి, మిగిలిందంతా బ్రేకుల మీదే పడుతుంది. అందుకే ఎంత మంచి బ్రేకు బిగించినా కొండ అంచుకు చేరేలోపే వేగం తగ్గించుకోవాలి.

ఇక బ్రేకుల్లో తేడా. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) వెనక పొగ గొట్టంలో బటర్‌ఫ్లై వాల్వు, అంటే ఇరుసు మీద తిరిగే పలక, మూసుకుంటే పొగ బయటికి పోలేదు. దాన్ని తోయలేక పిస్టన్లు బరువెక్కి బండి నెమ్మదిస్తుంది. ఎంత పీడనం నిలిస్తే అంత పట్టు. పాత రకంలో వాల్వు పలకకు ఒకే కొలత బెజ్జం ఉంటుంది. ఇంజన్ గరిష్ఠ వేగంలో పీడనం హద్దు దాటకుండా ఆ బెజ్జం కొలత పెడతారు కాబట్టి, తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మీద పొగ అందులోంచి సులువుగా జారిపోతుంది, పట్టు ఉండదు. పీడనాన్ని తనే నియంత్రించుకునే రకం వేరు. ప్యాక్‌బ్రేక్ వాళ్ళ పీఆర్‌ఎక్స్‌బీ అలాంటిది. పీడనం హద్దుకు చేరినప్పుడే కాస్త వదులుతుంది, కనుక తక్కువ ఆర్‌పీఎంలోనూ గట్టిగా పడుతుంది.

నీకు ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. 3.54 నిష్పత్తి యాక్సిల్, 245/75 టైర్లు ఉంటే, ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) ఆపి మూడో గేరులో 45 మైళ్ళ మీద నీ ఇంజన్ 1,750 ఆర్‌పీఎం దగ్గరే తిరుగుతుంది. రెండో గేరులో 2,500 దాటుతుంది నిజమే, కానీ కంపెనీ నుంచి వచ్చిన 47ఆర్‌ఈ గేర్‌బాక్సు రెండో గేరులో కన్వర్టర్‌ను (ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ ఆయిల్‌తో కలిపే భాగాన్ని) లాక్ చేయదు, లాక్ లేకపోతే ఇంజన్ పట్టు చక్రాలకు గట్టిగా అందదు. కాబట్టి 1,750 దగ్గర పట్టే బ్రేకే నీకు కావాలి. ధర ఎక్కువైనా రెండో రకమే తీసుకో.

గేర్‌బాక్సుకు రెండు లోపాలున్నాయి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే కన్వర్టర్ లాక్ వదిలేస్తుంది, దాంతో చక్రాలకూ ఇంజన్‌కూ గట్టి లంకె తెగిపోతుంది. ఇక గేర్‌బాక్సు ఆయిల్ పీడనాన్ని మార్చే టీవీ కేబుల్ అనే తీగ యాక్సిలరేటర్‌తో పాటే కదులుతుంది గనుక, కాలు తీస్తే లోపలి ఆయిల్ పీడనం కూడా పడిపోతుంది. ఆ తక్కువ పీడనంతో బ్రేకు భారం మోయాలంటే క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. బ్రేకుతో పాటు కన్వర్టర్ లాక్‌ను వదలనివ్వని లాకప్ కంట్రోలర్, పీడనం నిలిపే పరికరం రెండూ బిగించాలి. పీడనం కోసం బీడీ అనే కంపెనీ వాళ్ళ ప్రెషర్‌లాక్ దొరుకుతుంది. వీటికి డబ్బు చాలకపోతే బ్రేకు కొనడమే వాయిదా వెయ్యి. గేర్‌బాక్సు ఆయిల్ వేడి చూపే మీటరు కూడా పెట్టించు.

తర్వాత వాల్వు స్ప్రింగులు. నీది 12 వాల్వుల 5.9 ఇంజన్. అసలు స్ప్రింగులు మెత్తన. 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం నిలిస్తే అది ఎగ్జాస్ట్ వాల్వును సీటు మీంచి లేపేస్తుంది, అది తిరిగొచ్చి సీటుకు గుద్దుకుంటుంది, పిస్టన్‌కు తగిలినా తగలొచ్చు. 60 పౌండ్ల స్ప్రింగులు పన్నెండూ మార్పించు. మార్చాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వుల క్లియరెన్సు (సందు) సెట్ చేయాలి: ఇన్‌టేక్‌కు 0.010 అంగుళం, ఎగ్జాస్ట్‌కు 0.020. 1998లో వచ్చిన 24 వాల్వుల ఇంజన్‌కైతే ఈ ఖర్చు లేదు. 2007 మధ్యలో వచ్చిన 6.7 కమిన్స్‌కు టర్బోయే ఎగ్జాస్ట్ బ్రేకులా పనిచేస్తుంది. అలాంటి బండి వాళ్ళు రోజూ దాన్ని వాడుతుంటే టర్బోలో మసి పేరుకోవడం తగ్గుతుంది.

బిగించాక ఒక పరీక్ష తప్పదు. బ్రేకు ముందు గొట్టానికి పీడన మీటరు తగిలించి, ఇంజన్ వేడెక్కాక చూడు, 60 దాటకూడదు. యాక్సిలరేటర్ దగ్గరి స్విచ్చును చేత్తో నొక్కి చూడు, కాస్త తొక్కగానే వాల్వు తెరుచుకోవాలి. ఆ స్విచ్చు సరిగ్గా కుదరకపోతే వాల్వు మూసి ఉండగానే డీజిల్ పడి పొగ వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. వాల్వు ఇరుసు మసి, తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, అందుకే నెలకోసారి వేడికి తట్టుకునే కందెన వేసి చేత్తో ఆడించు. ఇంజన్ నుంచి పొగను పోగుచేసే మానిఫోల్డు గాస్కెట్ దగ్గర నల్లని మసి గీత కనపడితే లీకు ఉన్నట్టే, అక్కడే పీడనం పోతుంది.

నడిపేటప్పుడు సొరంగం దాటేలోపే ఓవర్‌డ్రైవ్ ఆపేసి 45 దగ్గరికి రా. కాలి బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకోకు. వేగం 45 చేరితే గట్టిగా తొక్కి 40కి దించి పూర్తిగా వదిలెయ్, మళ్ళీ 45 అయితే మళ్ళీ అదే చెయ్యి. అలా వదిలినప్పుడే బ్రేకు డ్రమ్ములు చల్లబడతాయి. ఎగ్జాస్ట్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది గనుక మంచు మీద, తడి మీద దాన్ని ఆపేసి వేగం ఇంకా తగ్గించు, లేకపోతే ట్రైలర్ బండిని పక్కకు తోసేస్తుంది. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు, వాటిని నడిపే కంట్రోలర్ సరిగ్గా ఉన్నాయో బయల్దేరేముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా పోనిచ్చి, కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి చూడు. ట్రైలర్ బండిని వెనక్కి లాగాలి. లాగకపోతే కొండ ఎక్కకు.

మీ పెదనాన్న