గ్లైడర్ పొలంలో దిగితే పంట నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న: నేను గ్లైడర్, అంటే ఇంజన్ లేని విమానం నడిపే పైలట్‌ని. ఈమధ్య ఒక సాయంత్రం థర్మల్స్ (గ్లైడర్‌ను పైకి లేపే వేడిగాలి) ఆగిపోయి, మా ఎయిర్‌ఫీల్డ్ దాకా రాలేక, కోత అయిపోయిన ఓ చేలో దింపేశాను. నాకు గానీ గ్లైడర్‌కు గానీ చిన్న గీత కూడా పడలేదు. ఎవరో విమానం కూలిందని ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చింది. దాని వెనకే జనం వచ్చి పక్కనున్న పచ్చటి పైరు తొక్కేశారు. "ఇంజన్ ఏదయ్యా?" అని ఒక పెద్దాయన మూడుసార్లు అడిగారు. అసలు ఇంజనే లేదని చెప్తే, ఎక్కడో ఊడిపడిందనుకుని ఇద్దరు కుర్రాళ్లు వెతకడానికి వెళ్లారు! రెండు చేలూ ఒకరివే. ఆ ఆసామి గేటుకు తాళం వేసి, పైరు మొత్తానికి డబ్బు కడితేనే గ్లైడర్ ఇస్తానన్నారు. తెల్లారి వెళ్లి చూస్తే ఆయన ఆవులు రెక్కల్ని నాకి, అతుకుల మీది టేపు పీకేశాయి. నేను చేసింది అక్రమ ప్రవేశమా? జనం తొక్కినదానికీ నేనే కట్టాలా? ఆవుల మీద కేసు వేయొచ్చా?

జవాబు: ఫ్రెంచి పైలట్లు ఇలా బయట దిగడాన్ని 'స వాషే' అంటారు. అందులో ఉన్నది వాళ్ల భాషలో ఆవు అనే మాటే. కాబట్టి ఆవులతో ఇబ్బంది పడ్డవాళ్లలో మీరు మొదటివారేం కాదు. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ముందు అక్రమ ప్రవేశం మాట. ఇంజన్ లేని విమానం ఎత్తు కోల్పోయాక ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. ప్రాణం కాపాడుకోవడానికి గత్యంతరం లేక ఇంకొకరి స్థలంలో అడుగుపెడితే చట్టం దాన్ని మామూలు చొరబాటులా చూడదు. 1908లో అమెరికాలోని వెర్మాంట్ కోర్టు ముందుకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. తుపానులో చిక్కుకున్న ఒక కుటుంబం తమ పడవను వేరేవాళ్ల రేవుకు కట్టేసుకుంటే, రేవు యజమాని పనివాడు తాడు విప్పేశాడు. పడవ బద్దలైంది. ఆ కుటుంబానికి యజమాని మీద దావా వేసే హక్కుందని కోర్టు చెప్పింది.

అలాగని ఊరికే పోనివ్వరు. 1910లో మిన్నెసోటా కోర్టు ఇంకో తుపాను కేసులో, ఓడను రేవుకు కట్టి ఉంచడం తప్పు కాదంటూనే, రేవుకు జరిగిన 500 డాలర్ల నష్టాన్ని ఓడవాళ్లే కట్టాలంది. అంటే దిగే హక్కు మీది, దిగినందుకు అయ్యే ఖర్చూ మీదే. బ్రిటన్‌లో 1982 నాటి పౌర విమానయాన చట్టం ప్రకారమైతే, విమానం వల్ల నేల మీద ఆస్తికి నష్టం జరిగితే పైలట్ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సిన పని కూడా లేదు. మీ దేశపు చట్టం ఏమంటుందో స్థానిక వకీలును అడగండి.

ఇక జనం. మీకు నచ్చని జవాబు ఇక్కడే ఉంది. 1822లో న్యూయార్క్‌లో గీల్ అనే బెలూనిస్టు స్వాన్ అనే ఆయన తోటలో దిగాడు. బుట్టలోంచి వేలాడుతూ సాయం కోసం అరిచాడు. బెలూన్ బంగాళాదుంపల మీదా ముల్లంగి మీదా ఓ ముప్పై అడుగులు ఈడ్చుకుపోయింది. రెండొందల మందికి పైగా కంచె విరగ్గొట్టుకుని లోపలికి వచ్చి కూరగాయలూ పూలమొక్కలూ తొక్కేశారు. బెలూన్ చేసిన నష్టం 15 డాలర్లు, మొత్తం నష్టం 90. ఆ 90 కూడా గీలే కట్టాలని కోర్టు తేల్చింది. ఆకాశంలోంచి మనిషి దిగితే జనం పోగవుతారని అతనికి తెలిసుండాలి కదా అన్నది కోర్టు వాదన. మీరు అరవలేదు, ఎవర్నీ పిలవలేదు, ఫోన్ చేసింది వేరేవాళ్లు. ఈ తేడా మీకు బాగా పనికొస్తుంది, కానీ దాన్ని మాత్రమే నమ్ముకుని కోర్టుకెక్కమని నేను చెప్పను. ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలియజేయండి. "తప్పు నాదే" అని మాత్రం కాగితం మీద రాసివ్వకండి, చాలా పాలసీలు దాన్ని ఒప్పుకోవు. గ్లైడర్‌ను తీసుకెళ్లే ట్రైలర్ లోపలికి రాకముందే, మళ్లీ అది వెళ్లిపోయాక చేను ఫొటోలు తీసుకోండి. గ్లైడర్ చక్రం కంటే కారు, ట్రైలర్ టైర్లే ఎక్కువ పాడుచేస్తాయి. అన్నట్టు, అదే చేలోంచి టో విమానంతో (గ్లైడర్‌ను తాడుతో లాక్కెళ్లే ఇంజన్ విమానం) పైకి లేద్దామనుకుంటే ఆసామి ఒప్పుకోవాల్సిందే. దిగడం వరకే గత్యంతరం లేని స్థితి, ఎగరడం మీ ఇష్టం.

తాళం వేయడం గురించి. పంట మేసిన పశువును బందెలదొడ్డికి తోలినట్టు, నష్టం చేసిన వస్తువును పట్టి ఉంచే హక్కు ఇంగ్లండు పాత న్యాయంలో ఉంది. అది కూడా ఆ వస్తువు చేసిన నష్టం మేరకే. మీ గ్లైడర్ దిగింది కోసేసిన చేలో, నలిగింది పక్క పైరు. మొత్తం పైరు ఖరీదు అడగడం నిలబడదు. అయినా తాళం పగలగొట్టకండి, పోలీసుల్ని పిలిచి వాళ్ల ముందే తేల్చుకోండి.

ఆవులా? అవి ఉన్నది వాటి యజమాని స్థలంలోనే. మధ్యలో వచ్చింది మీరు. ఆ కేసు ఫీజు ఇస్తానన్నా నేను పట్టను. కాకపోతే రాత్రంతా గ్లైడర్ అక్కడ ఉండిపోయింది ఆయన తాళం వల్లే. కాబట్టి పైరు లెక్క చూసేటప్పుడు టేపు ఖరీదు తగ్గించమని అడగొచ్చు, అదీ కాస్త నవ్వుతూ అడగండి.