మే నెలలో పఫ్ పై చేయాలంటే

బుజ్జీ,

ఆశీస్సులు. ఆదివారం మీ అత్తగారి వాళ్లకు పొరలుపొరలుగా పొంగే పఫ్ పేస్ట్రీ పిండి మధ్య ఖీమా పెట్టి కాల్చే ‘పై’ చేసిపెడతానన్నావట, మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ ఇది మే నెల, మన హైదరాబాద్ ఎండలు నీకు తెలియనివి కావు. కాబట్టి ముందు వెన్న సంగతి చెప్తాను.

పొరలు పొంగేది ఆవిరితో. పిండిలోనూ వెన్నలోనూ ఉన్న నీళ్లు ఓవెన్ వేడికి ఆవిరై పొరల్ని పైకి లేపుతాయి. మధ్యలో వెన్న ఉంటేనే అవి ఒకదానికొకటి అతుక్కోవు. 30 డిగ్రీలు దాటాక వెన్న జారిపోయి పిండిలో కలిసిపోతుంది. ఇక ఆ పిండి ఎంతసేపు కాల్చినా పొంగదు. అందుకే ఈ పని తెల్లవారుజామునే పెట్టుకో తల్లీ, లేదా ఏసీ గదిలో బల్ల మీద చెయ్యి.

పావుకిలో మైదాను కొద్దిగా ఉప్పు, చెంచా నిమ్మరసం, ఐసు నీళ్లతో కలుపు. మరీ పిసకొద్దు. 200 గ్రాముల వెన్నను పలకలా ఒత్తి మధ్యలో పెట్టి మూసెయ్యి. పొడవుగా వత్తి మూడు మడతలు వెయ్యి. ఇలా ఆరుసార్లు చేస్తే లెక్కకు 729 పొరలు. రెండుసార్లు మడవగానే అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. వత్తుతుంటే పిండి మెత్తబడినట్టు అనిపించిందా, మాట్లాడకుండా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. ఇక్కడ తొందరపడితే మాత్రం ఏమీ మిగలదు.

తీరిక లేకపోతే ఫ్రోజెన్ షీట్లు కొనుక్కో, తప్పేం లేదు. ప్యాకెట్ వెనక వెన్న అని రాసి ఉందో లేదో చూసుకో. వెన్నకు బదులు వాడే మార్గరిన్‌తో చేసినవి చక్కగా పొంగుతాయి కానీ తిన్నాక అంగిట్లో అంటుకుంటాయి.

ఖీమాను ముందురోజు రాత్రే వండు. టమాటా తగ్గించి, నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా వేయించి, నూనె వంపెయ్యి. మన హైదరాబాదీ సమోసా లుఖ్మీలో ఖీమా ఎంత పొడిగా ఉంటుందో అంత పొడిగా ఉండాలి. వేడి కూర పెడితే అడుగు ముద్దయిపోతుంది. పూర్తిగా చల్లారాకే వాడు.

పిండిని రెండు షీట్లుగా వత్తుకో. కింది షీటుకు ఫోర్కుతో గాట్లు పెట్టి, పల్చగా కోసిన ఉడికిన ఆలుగడ్డ ముక్కలు పరుచు. మిగిలిన తడిని అవి పీల్చుకుంటాయి. వాటి మీద ఖీమా, సగానికి కోసిన గుడ్లు, పుదీనా. శాకాహారం తినేవాళ్లుంటే గట్టిగా పిండిన పాలకూర, పనీర్ పెట్టొచ్చు. అంచులకు గుడ్డు సొన రాసి పై షీటు కప్పు, మధ్యలో ఆవిరి పోవడానికి రంధ్రం చెయ్యి. అంచుల్ని పదునైన కత్తితోనే కొయ్యి, మొద్దు కత్తి పొరల్ని నొక్కేస్తుంది. పైన రాసే సొన పక్కలకు కారనివ్వకు, కారితే పొరలు అక్కడే అతుక్కుపోతాయి.

మళ్లీ 20 నిమిషాలు ఫ్రిజ్‌లో. ఈలోగా ట్రేతో సహా ఓవెన్‌ను 220 డిగ్రీలకు వేడి చెయ్యి. బటర్ పేపర్‌తో సహా ‘పై’ని ఆ వేడి ట్రే మీదికి జార్చు. పావుగంట అయ్యాక 190కి తగ్గించి ఇంకో అరగంట ఉంచు. మొదటి 20 నిమిషాలూ తలుపు తెరవొద్దు. లేత రంగుకే తీసేస్తారు చాలామంది, అది నాకు నచ్చదు. ముదురు గోధుమ రంగు రావాలి, అంచు ఎత్తి చూస్తే అడుగు కూడా గట్టిగా ఉండాలి. తీశాక పది నిమిషాలు ఆగి, రంపపు కత్తితో కొయ్యి.

మిగిలిన ముక్కల్ని మైక్రోవేవ్‌లో పెట్టకు, మెత్తబడతాయి. ఓవెన్‌లోనే 180 దగ్గర పది నిమిషాలు వేడి చెయ్యి.

మీ పెద్దమ్మ